సందులకు అంకెలు వేసిన లెక్కల మేడమ్

కిందటి నెల ఒక మధ్యాహ్నం జగిత్యాలలో నా ఎలక్ట్రికల్ షాపులో ఎవరిదో టేబుల్ ఫ్యాను విప్పుతుంటే నెల్లూరోడి ఫోన్ వచ్చింది. “మేడమ్ పొయ్యారురా. ప్రొద్దుటూర్లో మట్టిచ్చి వస్తా ఉండా,” అన్నాడు. ఏ మేడమ్ అని నేను అడగలేదు. మా ఇద్దరికీ మేడమ్ అంటే ఒక్కరే, షార్జాలో పదో తరగతిలో మాకు లెక్కలు చెప్పినావిడ. ఫ్యాను తెచ్చినాయన ఎదురుగా నిలబడి ఉన్నాడు. రేపు రమ్మని ఆయన్ను పంపించి, షట్టరు సగం దించాను.

నెల్లూరోడికి అమ్మానాన్నలు పెట్టిన మంచి పేరు ఒకటుంది. బడిలో దాన్ని ఎవరూ వాడలేదు. ఇన్నేళ్లుగా నేనూ వాడలేదు. వాడు ఎడమకాలు కొంచెం ఈడుస్తూ నడుస్తాడు. పోయిన రంజానుకు చూడ్డానికి వెళితే మేడమ్ మంచం మీంచి ముందు వాడి కాలి వైపే చూశారట. “నొప్పిగా ఉండాదా నాయనా?” అని అడిగారట. తనకు లేచి కూర్చునే ఓపిక లేదు, వీడి కాలు సంగతి కావాలి! ఆ కాలు సంగతీ మేడమ్ సంగతీ విడదీసి చెప్పడం నాకు చేతకాదు. కలిపే చెబుతాను, వినండి.

ఎనభైల మొదటి ఏళ్లవి. మా బాపు షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మంచినీళ్ల ట్యాంకరు నడిపేవాడు. ఊళ్లో మాత్రం దుబాయ్ పోయాడనే అనేవారు. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ మంచివాడు. గ్యారేజీ వెనక రెండు గదులిచ్చి, పెళ్లాం పిల్లల్ని తెచ్చుకోమన్నాడు. అలా మా అమ్మా నేనూ అక్కడికి చేరాం. ఇండస్ట్రియల్ ఏరియా అంచునే ఒక పాత విల్లాలో మా బడి నడిచేది. హాలుకు అడ్డంగా ప్లైవుడ్ కొట్టి రెండు తరగతులు చేశారు. మా పదో తరగతి ఒకప్పటి వంటిల్లు. గోడలో పొగ పోవడానికి పెట్టిన కన్నం అలాగే ఉండేది. అందులోంచి పావురాలు తొంగి చూసేవి. మాకంటే అవే పాఠం శ్రద్ధగా వింటున్నాయని మేడమ్ దెప్పేవారు.

పొట్టి మనిషి. భర్త ఒక క్రేన్ల యార్డులో ఫోర్‌మన్. తల మీంచి కొంగు జారకుండా ఒక చేత్తో సర్దుకుంటూ, రెండో చేత్తో బోర్డు మీద రాసేవారు. ఏడు అంకె వేస్తే దాని నడుముకు అడ్డగీత తప్పనిసరి. గీత లేకపోతే ఏడు పోయి ఒకటిలో కలిసిపోతుందని ఆమె భయం. కొట్టడం ఎరగరు కానీ తిట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. “నీ తలకాయలో ఇసుక ఉండాదిరా. అది కూడా సముద్రపు ఇసుక, గోడ కట్టడానికి కూడా పనికి రాదు,” అనేవారు. తిట్టించుకున్నవాడే ముందు నవ్వేవాడు.

ఆమెకో అలవాటుండేది. హాజరు పట్టీ తెరవకుండా, చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టి, ఒక్కొక్కరి ముఖం వరుసగా చూసేవారు. చూడడం అయిపోగానే లేనివాడి పేరు చెప్పేవారు. ఉన్నవాళ్ల పేర్లు ఎందుకు పిలవడం, కనిపిస్తూనే ఉన్నారు కదా, లేనివాడి గురించే కదా అడగాల్సింది అనేవారు. ఇంకో మాట రోజుకు ఒకసారైనా వినిపించేది. మేం లెక్క చదవకముందే కూడికలు మొదలుపెట్టేవాళ్లం. ఆమె సుద్దముక్కతో బల్ల మీద కొట్టి, “ముందు ఏం లెక్కబెడతాండావో చూసుకో. ఆ తర్వాత లెక్కబెట్టు,” అనేవారు.

ఇక మా ఫైర్ పార్టీ సంగతి. ఇండస్ట్రియల్ ఏరియాలో అప్పట్లో సందులకు పేర్లు లేవు, నంబర్లు లేవు. టైర్ల దుకాణం సందు, విరిగిన క్రేను సందు, బలూచీ హోటల్ సందు, ఇలా మనుషుల నోళ్లలో ఉన్నవే పేర్లు. ఆ హోటల్ ఎత్తేసి రెండేళ్లయినా సందు పేరు మారలేదు. సర్కారు ఫైరింజన్లు మంచివే, మనుషులు ధైర్యస్తులే. వచ్చేసరికి దారి తెలియక అన్నీ ఒకేలా కనిపించే రేకుల షెడ్ల మధ్య తిరుగుతూ ఉండేవారు. ఓసారి కలప యార్డు తగలబడుతుంటే ఇంజను పక్క సందులో గంట కొడుతూ అటూ ఇటూ తిరిగింది. మాకు వినపడుతోంది, కనపడదు. కలప అంతా బూడిదయ్యాక వచ్చింది.

ఆ తర్వాత గ్యారేజీలవాళ్లు, వెల్డింగువాళ్లు కలిసి ఒక ఫైర్ పార్టీ పెట్టుకున్నారు. నీళ్లున్నవాడే నాయకుడు కాబట్టి మా బాపు పెద్ద అయ్యాడు. ఒక గ్యారేజీ కంప్రెసరుకు లారీ హారన్ తగిలించారు. అది మూడుసార్లు మోగితే మంట అని గుర్తు. సందుల మూలల్లో ఎర్రజెండా పట్టుకుని నిలబడి ఇంజనుకు దారి చూపడానికి మనుషులు కావాలి. ఆ పనికి మా బడిలో పై తరగతుల నుంచి మమ్మల్ని ఐదారుగురిని ఎంచారు. ప్రిన్సిపాల్ సంతోషంగా ఒప్పుకున్నారు. హారన్ మోగితే క్లాసు మధ్యలోనైనా లేచి వెళ్లొచ్చన్నారు. మా అమ్మ ఎర్రగుడ్డ చింపి అందరికీ చేతిపట్టీలు కుట్టింది.

ఆ వైభోగం ఏం చెప్పమంటారు! త్రికోణమితి సగంలో ఉండగా హారన్ మోగితే చిన్న తరగతుల పిల్లలు కిటికీల దగ్గర చేరి చూస్తుండగా మేం పరుగు తీసేవాళ్లం. నెల్లూరోడు టైర్ల దుకాణం మూలన, నేను విరిగిన క్రేను మూలన. ఆ సందులన్నీ మాలో నెల్లూరోడికే బాగా తెలుసు. వాళ్ల నాన్న స్పేర్ పార్టుల దుకాణంలో పని కాబట్టి, సామాను చేరవేస్తూ సైకిల్ మీద తిరగని సందు లేదు. ఇంజను మమ్మల్ని చూసి మలుపు తిరిగితే అంత పెద్ద బండిని మేమే తిప్పినట్టు ఉండేది. అందరూ మెచ్చుకున్నారు. ఒక్క మేడమ్ మెచ్చుకోలేదు.

ఒక శుక్రవారం, అంటే అక్కడ సెలవు రోజు, పెద్దలందరినీ బడికి పిలిచినప్పుడు ఆమె లేచి నిలబడి చెప్పారు, పిల్లల్ని పంపడం తప్పని. ప్రిన్సిపాల్ ముఖం చిన్నబోయింది. మా బాపు లేచాడు.

“మేడమ్, మంట బడి ఇడిసినంక రమ్మంటే వస్తదా?”

“రాదప్పా. నేను బడి గురించి మాట్లాడ్తాండానని ఎవరు చెప్పినారు? ఒక పాఠం పోతే రేపు చెప్తా. ఆ మూలన పిల్లోడు నిలబడాల్సి వచ్చిందంటే, పెద్దోళ్లు ఏడ పోయినారని అడుగుతాండా.”

“యాడికి పోతరు మేడమ్, పనిల ఉంటరు. పని నడిమిట్ల ఇడిసి వస్తే ముదీర్ ఊకుంటడా? ఆ దినం కూలి ఖలాస్. రెండుసార్లు అట్లయితే ఊరికి టికెటు చేతుల పెడ్తడు. మాకు ఖాళీగున్నోళ్లు ఈ పోరగాండ్లే.”

ముదీర్ అంటే మేనేజరు. అది మా అందరికీ తెలిసిన నిజమే. మేడమ్ కూడా కాదనలేదు. “అంటే పనోడి పని పోగూడదు, పిల్లోడికి ఏమైనా ఫర్వాలేదు. అంతే కదా?” అన్నారు. మా బాపుకు కోపం వచ్చింది. లోపల మండేది మావోళ్లుండే లేబర్ క్యాంపు కాబట్టి మాకు తెలుస్తుంది ఆ మంట అన్నాడు. భర్త కూడా అలాంటి యార్డులోనే పనిచేసే మనిషితో ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ అన్నాడు. ఆ రోజు ఓట్లేమీ వేయలేదు గానీ, గదిలో గాలి మా బాపు వైపే ఉంది.

ఆమెకు ఇదివరకు ఏదో జరిగి ఉంటుందని, చిన్నప్పుడు ఎవరినో మంటల్లో పోగొట్టుకుని ఉంటుందని మా అమ్మలు చెప్పుకున్నారు. ఎవరో ధైర్యం చేసి అడిగారు కూడా. “నాకేమీ జరగల్యా. జరిగితేనే చెప్పాల్నా?” అని ఆమె జవాబు. ఆ మాట నాకు అప్పుడు ఎదురుమాటలా వినిపించింది. నాకు పిల్లలు పుట్టాక దాని బరువు తెలిసింది.

ఓడిపోయినావిడ ఊరికే కూర్చోలేదు. మాకొక కట్టడి పెట్టారు. వెళ్లేటప్పుడు ఏ మూలకు వెళ్తున్నామో చెప్పి వెళ్లాలి, తిరిగొచ్చాక ఆమెకు కనపడి ఇంటికి పోవాలి. బడి విడిచిపెట్టినా మేం రాకపోతే గేటు దగ్గరే నిలబడేవారు. ఓసారి ఇంజను ఇసుకలో దిగబడి, మేమూ నెట్టి, వచ్చేసరికి పొద్దు వాలింది. భర్త పికప్పులో కూర్చుని విసుక్కుంటున్నాడు. వాచ్‌మన్ స్టూలు వేసినట్టున్నాడు, దాని మీద ఆమె బ్యాగు కూర్చుంది, ఆమె నిలబడే ఉన్నారు. మంట ఎలా ఉందని అడగలేదు. ముఖాలు వరుసగా చూసి, “నెల్లూరోడు ఏడి?” అన్నారు. నీళ్లు తాగడానికి పోయాడని చెప్పాం. “పిలువు. కనపడల్ల,” అన్నారు. వాడు మూతి తుడుచుకుంటూ వచ్చాడు. “ఊ” అని పికప్పు ఎక్కారు.

చలికాలం వచ్చింది. పబ్లిక్ పరీక్షలకు ముందు బడిలో పెట్టే పరీక్షలు జరుగుతున్నాయి. ఒక పొద్దున లెక్కల పేపరు రాస్తుండగా హారన్ మోగింది. మేం మేడమ్ వైపు చూశాం. ఆవిడ ముఖంలో ఇష్టం లేదు. అయినా, “పేపర్లు నా బల్ల మీద పెట్టి పోండి. మిగతాది మళ్లీ రాయిస్తా,” అన్నారు. మేం గుమ్మం దాటుతుంటే వెనక నుంచి, “కనపడి పోవల్ల!” అని కేక వేశారు.

సోఫాలు కుట్టే షెడ్డులో ఫోమ్ అంటుకుంది. దాన్ని ఆనుకునే ఒక లేబర్ క్యాంపు, అన్నీ ప్లైవుడ్ గదులు. మా బాపు ఊరివైపు వాళ్లు చాలామంది అక్కడే ఉండేవారు. శుక్రవారాలు మా అమ్మ చేసిన సర్వపిండి పట్టుకుని నేను అక్కడికి వెళ్లేవాణ్ణి. నా మూల దాటిన వెంటనే ఆ క్యాంపే. ఇంజను రాగానే జెండా ఊపి, దాని ముందు పరుగెత్తి వాకిట్లోకి తీసుకెళ్లాను. ఫోమ్ పొగ నల్లగా, చిక్కగా ఉంది. కళ్లు తెరవనీయడం లేదు. మనుషులంతా వాకిట్లో గుంపుగా నిలబడ్డారు. క్యాంపు బాస్ వాళ్లను లెక్కబెట్టి చేతులు ఊపుతున్నాడు. “జిత్నే పలంగ్, ఉత్నే ఆద్మీ! సబ్ బాహర్! ఖలాస్!” ఎన్ని మంచాలున్నాయో అంతమంది మనుషులూ బయటే ఉన్నారని చెబుతున్నాడు.

ఆ క్షణంలో మేడమ్ గొంతు నా చెవిలో మోగిందని రాస్తే బాగుంటుంది గానీ, అబద్ధం. దగ్గు తప్ప ఏమీ వినపడలేదు. కానీ ఈయన మంచాలు లెక్కబెట్టి మనుషులు ఉన్నారంటున్నాడే అని మాత్రం తోచింది. ఎందుకంటే ఆ క్యాంపులో మంచానికి ఇద్దరు. పగలు పని చేసేవాడు రాత్రి పడుకుంటాడు, రాత్రి పని చేసేవాడు పగలు అదే మంచం మీద పడుకుంటాడు. “మా మంచం ఎన్నడు సల్లారది పిలగా,” అని నాతో నవ్వుతూ చెప్పేవాళ్లు. ఒక మంచం మనుషులిద్దరూ ఒకరినొకరు జోడీ అని పిలుచుకునేవారు. పొద్దున కదా, లోపల పడుకున్నది రాత్రి డ్యూటీవాళ్లు. కానీ మంట చూసి, పక్క సైటులో ఉన్న పగటి డ్యూటీవాళ్లు కొందరు తమ పెట్టెల కోసం పరుగెత్తుకొచ్చారు. వాళ్లూ ఆ గుంపులోనే ఉన్నారు. లెక్క సరిపోయింది గానీ, మనుషులు సరిపోయారో లేదో ఎవరికీ తెలియదు.

“అన్నా! సైటు నుంచి ఉరికొచ్చినోళ్లు మీ జోడీ ఏడున్నడో సూసుకోండ్రి! జోడీ చెయ్యి వట్టుకోండ్రి!” అని అరిచాను. తెలుగు తెలియనివాళ్లకు హిందీలో ఇంకొకరు అరిచారు. మనుషులు వెతుక్కుని చేతులు పట్టుకున్నారు. కోరుట్ల ఆయన ఒకాయన మాత్రం చెయ్యి గాలిలో పెట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు. “నా జోడీ ఆర్మూరు అన్న కనవడ్తలేడు. జరమని గోలీ ఏసుకొని పన్నడు,” అన్నాడు. గోలీ అంటే మాత్ర. అంటే ఆర్మూరు అన్న స్థానంలో ఈయన్ను లెక్కేశారన్నమాట.

నేను లోపలికి రెండడుగులు వేసిన మాట నిజం. ఒక అరబ్బు ఫైర్‌మన్ కాలర్ పట్టుకుని వెనక్కి లాగాడు. నాకు వచ్చిన అరబ్బీ అంతా అప్పుడు ఒక్క ముక్కయింది. “వాహద్ దాఖిల్! వాహద్!” ఒకడు లోపలున్నాడని. ఏ గదో కోరుట్ల ఆయన వేలితో చూపించాడు. ఇద్దరు ముసుగులు బిగించి వెళ్లి ఆర్మూరు అన్నను దుప్పటితో సహా ఎత్తుకొచ్చారు. ఇసుకలో పడుకోబెడితే దగ్గాడు. ఆ దగ్గు విని వాకిలంతా ఒక్కసారి ఊపిరి తీసుకుంది.

మా సంతోషం వాకిలి దాటకముందే టైర్ల దుకాణం మూల నుంచి వేరే కేకలు వినిపించాయి.

మా బాపు రెండో విడత నీళ్లు పట్టుకొస్తున్నాడు. గాలి తిరిగి పొగంతా ఆ మూల మీద పడింది. ట్యాంకరు మలుపు తిరిగేది సరిగ్గా అక్కడే. నెల్లూరోడు కదలకూడదని చెప్పిన చోటు నుంచి కదలలేదు. జెండా పైకెత్తి నిలబడే ఉన్నాడు. ట్యాంకరు వెనక చక్రం వాడి ఎడమపాదం మీదుగా వెళ్లింది. నేను వెళ్లేసరికి మా బాపు వాణ్ణి ఒళ్లో వేసుకుని రోడ్డు మీద కూర్చున్నాడు. ట్యాంకరు కుళాయి ఎవరూ కట్టేయలేదు. నీళ్లు కారిపోతున్నాయి.

గేటు దగ్గర మేడమ్ మా ముఖాలు చూశారు. ఒకటి తక్కువైంది. “నెల్లూరోడు ఏడి?” అని అడిగారు. ఆస్పత్రికి తీసుకుపోయారని చెప్పాం. చేతిలో ఉన్న గడియారం పెట్టుకోవడం కూడా మరిచిపోయి, భర్త పికప్పు కోసం చూడకుండా రోడ్డు మీదికి వెళ్లి టాక్సీ ఆపారు.

పాదం ఎముకలు నలిగిపోయాయి. రెండు ఆపరేషన్లు జరిగాయి. ఆ ఏడాది పరీక్ష వాడికి లేనట్టే. మా బాపు అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. మేడమ్ వచ్చి, నేను ముందే చెప్పాను కదా అంటుందని మా అమ్మ భయపడింది. నిజంగానే మర్నాడు సాయంత్రం మేడమ్ మా గదికి వచ్చారు. వాకిట్లోనే నిలబడి, “అప్పా, రోజూ బడి అయినాక నన్ను ఆస్పత్రికి దింపల్ల. పిల్లోడికి పాఠాలు పోతాయి. మా ఆయనకు డ్యూటీ ఉండాది,” అన్నారు.

“నేనా మేడమ్?” అన్నాడు బాపు.

“నీ బండి ఆ దారినే పోతాది కదా!”

ఆ ఊరి జనం ఆ చోద్యం చాలా రోజులు చూశారు. ఎత్తైన నీళ్ల ట్యాంకరు క్యాబిన్‌లో, తల మీద కొంగు, ఒళ్లో లెక్కల పుస్తకం, కాళ్లు కిందికి అందక వేలాడుతూ మేడమ్. అటు మా బాపు. నేను మధ్యలో. ఆస్పత్రి దగ్గర మేమిద్దరం దిగి లోపలికి వెళ్లేవాళ్లం. బాపు స్టీరింగు పట్టుకుని బయటే కూర్చునేవాడు. ఒకరోజు మేడమ్ వెనక్కి వచ్చి తలుపు తట్టారు.

“దిగప్పా. పిల్లోడు నిన్నే అడుగుతాండాడు.”

“ఏం మొకం వెట్టుకొని రావాలె మేడమ్?”

“ఉండే ముఖమే పెట్టుకుని రా.”

లోపలికి వచ్చాడు. నెల్లూరోడు కట్టుకట్టిన కాలు ఎత్తి పెట్టుకుని పడుకుని ఉన్నాడు. “అంకుల్, ఆ ఆర్మూరాయన ఎట్టుండాడు? తగ్గిందా?” అని అడిగాడు. మా బాపు ఏడవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. మేడమ్ కిటికీ వైపు తిరిగి, వార్డు బయట ఆడుకునే పిల్లలను చాలా శ్రద్ధగా చూస్తూ నిలబడ్డారు.

బయట మాత్రం వాదన తెగలేదు, ఇంకా పెరిగింది. ఒక్క పొద్దున జరిగిన రెండు సంగతులు రెండు పక్షాలకూ సాక్ష్యం ఇచ్చాయి మరి. పిల్లలు వెళ్లబట్టే ఒక మనిషి బతికాడని కొందరు, పిల్లలు వెళ్లబట్టే ఒక పిల్లవాడి కాలు నలిగిందని కొందరు. మళ్లీ శుక్రవారం మీటింగు జరిగింది. ప్రిన్సిపాల్ మంచి మనసుతోనే, పిల్లలకు ఇనుప టోపీలు, బూట్లు కొందామన్నారు. అందరూ మేడమ్ వైపు చూశారు. ఇప్పుడైనా గెలిచాననిపించుకుంటుందేమోనని.

“టోపీలు వద్దు సార్. ఆ మూలన పిల్లోడు చేసే పని ఏంది? దారి చూపించడం. ఆ పని గోడ చేస్తే చాలదా?” అన్నారు. “ఒక డబ్బా రంగు తీసుకొచ్చి సందుకో అంకె వేద్దాం. ఇంకోటి. ఆ పొద్దు మనిషిని బతికించింది, మీ జోడీ ఏడని అడిగినాడే, ఆ ప్రశ్న. అది క్యాంపు బాస్ కూడా అడగొచ్చు. నేర్పిద్దాం.”

మొదట లేచింది మా బాపు. “రంగు నేను తెస్త మేడమ్,” అన్నాడు.

కఫీల్ వెళ్లి ఠాణాలోనూ ఫైర్ స్టేషనులోనూ మాట్లాడి, ఏ అంకె ఏ సందుదో చూపే నక్షా ఇచ్చి వచ్చాడు. ఇక మంటని ఫోన్ చేసినవాడు అంకె చెబితే చాలు. రెండు మూడు శుక్రవారాలు ఆ పనే. ఆస్పత్రి నుంచి వచ్చిన నెల్లూరోణ్ణి కట్టుతో సహా ట్యాంకరు క్యాబిన్‌లో కూర్చోబెట్టారు. ఏది మొదటి సందు, ఏది తర్వాతది, ఎక్కడ దారి మూసుకుపోతుంది, అన్నీ వాడే చెప్పేవాడు. బాపు గోడకు ఆనేలా బండి పెట్టేవాడు. మేడమ్ మెట్టు మీద నిలబడి, కొంగు నడుముకు చుట్టి, ఎర్రరంగుతో అంకె వేసేవారు. పక్కన అరబ్బీ అంకె కూడా. అది మా వాచ్‌మన్ దగ్గర నేర్చుకున్నారు. ఏడుకు అడ్డగీత మరచిపోలేదు. ఎండకు రంగు కారి గడియారం మీద పడింది. తర్వాత ఎంత గీకినా పోలేదు, ఆ మచ్చతోనే పెట్టుకునేవారు. క్యాంపులు కూడా తిరిగాం. హారన్ మోగితే జోడీ చెయ్యి పట్టుకోవాలని, జోడీ కనపడనివాడు గట్టిగా అరవాలని చెప్పించారు. పెద్ద పెద్ద మీసాలవాళ్లు చేతులు పట్టుకుని నిలబడి సిగ్గుపడుతుంటే, “ఎందుకప్పా సిగ్గు, ఒక దుప్పటి కప్పుకుంటాండారు కదా!” అని నవ్వించేవారు.

అలా తిరిగిన రోజుల్లో ఒకసారి నేను అడిగాను. “మేడమ్, ఆ రోజు మీరు పేపర్లు తీసుకుని మమ్మల్ని పోనీయకుంటే ఆర్మూరు అన్న ఏమయ్యేవాడు?”

బ్రష్షు డబ్బాలో పెట్టి ఆలోచించారు. “పోయేవాడే నాయనా. నువ్వు పోయినందుకు నాకు సంతోషమే. మళ్లీ పంపుతావా అంటే పంపను. ఈ లెక్క నాకింకా తెగల్యా,” అన్నారు. ఏ లెక్కనైనా బోర్డు మీద విప్పి చూపే మనిషి ఆ ఒక్క మాటను అలా వదిలేశారు. అందుకే ఆవిడ మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది. మా బాపు బతికున్నన్నాళ్లూ ఈ సంగతి తిరిగి తిరిగి మాట్లాడుకున్నాం. ఆయనకూ తెగలేదు. నెల్లూరోడికి ఇప్పటికీ తెగలేదు. మరుసటి ఏడాది వాడు పరీక్ష రాసి, లెక్కల్లో నాకంటే ఎక్కువే తెచ్చుకున్నాడు. ఆ సంగతి మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా గుర్తు చేస్తాడు.

రంగులు వేసిన ఆ ఏడాదే, మా పబ్లిక్ పరీక్షలకు కొద్ది రోజుల ముందు సంగతి ఇది. నెల్లూరోడు ఆ ఏడు రాయడం లేదని తెలిసినా, చంకలో కర్రతో క్లాసుకు వచ్చి కూర్చునేవాడు, మేడమ్ రమ్మన్నారని. ఆవిడ బోర్డు మీద ఏదో సాధిస్తున్నారు. హారన్ మోగింది. ఒకటి, రెండు, మూడు. అలవాటైన కాళ్లు కదా, మేం బెంచీల మీంచి సగం లేచాం. నెల్లూరోడి చెయ్యి కర్ర మీదికి పోయింది. మేడమ్ కూర్చోమని అనలేదు. సుద్దముక్క బోర్డుకు తాకీ తాకకుండా ఆపి అలాగే నిలబడిపోయారు.

దూరంగా ఇంజను గంట వినిపించింది. పెద్ద రోడ్డు మీంచి లోపలికి వచ్చింది. ఇంజను దాటే సందులు లెక్కబెడుతూ మేడమ్ పెదవులు మెల్లగా కదులుతున్నాయి. ఒకటి... రెండు... మూడు... గంట దగ్గరైంది. మా బడి వెనక గోడ పక్కనుంచి పోయింది. నాలుగు... ఐదు... పావురాలు కూడా కన్నంలోంచి లేచిపోయాయి. ఆరు... గది అంతా ఊపిరి బిగబట్టి వింటోంది. గంట ఒక్క క్షణం తగ్గింది, మలుపు తిరిగింది, మళ్లీ పెరిగింది. ఎక్కడా ఆగలేదు, వెనక్కి తిరగలేదు.

“ఏడు,” అన్నారు మేడమ్.

అప్పుడు మా వైపు తిరిగారు. మచ్చపడిన గడియారం బల్ల మీద ఉంది. సుద్దముక్క చేతిలోనే ఉంది. మొదటి బెంచీ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి ముఖం చూస్తూ వచ్చారు. నా దగ్గర ఆగారు, దాటారు. చివరగా గోడ పక్కన, కర్ర పట్టుకుని కూర్చున్న నెల్లూరోడి దగ్గర ఆగారు. వాణ్ణి చాలాసేపు చూశారు. లేనివాడి పేరు చెప్పడం ఆవిడ అలవాటు కదా. ఆ రోజు ఏ పేరూ చెప్పలేదు.